కనుబొమల మధ్య నా పేరు

మా అమ్మకు పుట్టు చెవుడు. మాట రాలేదు. అందుకని మా ఇంట్లో అందరికీ రెండేసి పేర్లు ఉండేవి. ఒకటి ఊరు పిలిచేది, ఒకటి అమ్మ చేత్తో పిలిచేది. మీసం మెలేస్తే నాయన. ముక్కుపుడక తాకితే పెద్దమ్మ. రెండు కనుబొమల మధ్య బొటనవేలు పెట్టి నిలువుగా గీస్తే నేను. ఆరేడేళ్ల వయసులోనే గొర్రెల వెంట ఎండలో తిరుగుతూ, కళ్లు చికిలించి చికిలించి అక్కడ నాకొక గీత పడింది. బడిలో ఎవరో ఒకరు "ఏందే అట్ల చూస్తావు, కొడ్తావా ఏంది?" అంటూనే ఉండేవారు.

నాకు మాట నేర్పింది పెద్దమ్మ. అమ్మకు అక్క, మా ఊరు బలసముద్రంలో మా పక్కిల్లే. అమ్మ దగ్గరే పెరిగితే నాకు మాట రాదేమోనని భయపడి, నన్ను చంకనేసుకుని చేను గట్టున రోజంతా ఏదో ఒకటి మాట్లాడుతూ తిరిగేదట. "ఆ పొద్దు మాటల కోసం చస్తి, ఈ పొద్దు నోరు మూపిచ్చలేక చస్తాండా" అని తర్వాత నన్ను తిట్టేది.

అమ్మతో మాట్లాడాలంటే చేతులొక్కటే చాలవు. చేతులు విషయం చెబుతాయి. అది కోపమా, దిగులా, ఎగతాళా అన్నది నొసలు చెప్పాలి. ముఖం కదలకుండా చేతులు ఆడించే వాళ్లను అమ్మ నమ్మేది కాదు.

నలభై దాటాక, బెంగళూరులో నేను పనిచేసే చీరల అంగడికి కొత్త మేనేజరు వచ్చాడు. "మేడం, మీరు నవ్వినా కస్టమర్లు భయపడుతున్నారు" అన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి ఆ మాటకు గీత ఇంకా లోతుగా పడింది. ఆ అంగడిలో ఎటు తిరిగినా అద్దాలే. నెల తిరగకుండానే ముడతలకు సూది వేసే క్లినిక్కుకు వెళ్లాను.

డాక్టరమ్మ మంచి మనిషి. నన్ను కోపంగా చూడమంది, ఆశ్చర్యంగా చూడమంది, ఫొటోలు తీసింది, నుదుటి మీద పెన్సిలుతో చుక్కలు పెట్టింది. "ముడతలు పోవడమొక్కటే మంచి ఫలితం కాదు. మీ ముఖం మీ ముఖంలాగే ఉండాలి. మొదటిసారి మందు కాస్త తక్కువ వేస్తాను, కొంచెం కదలిక మిగులుతుంది. చాలలేదనిపిస్తే రెండు వారాలకు చూద్దాం" అంది. ఇంత దూరం వచ్చి సగం పని చేయించుకుంటామా? "అసలు కదలకుండా చేయండి" అన్నాను. ఆమె రెండుసార్లు అడిగింది, నేను రెండుసార్లూ అదే చెప్పాను.

ఆ తర్వాత ఆమె చెప్పినవన్నీ నోము పట్టినట్టు పాటించాను. నాలుగు గంటలు నడుం వాల్చలేదు. వంగి చెప్పులు కూడా తీయలేదు. సూది పడిన చోట వేలు పెట్టలేదు. రెండు వారాలకు నుదురు కొత్త పలకలా నున్నగా అయింది. అబద్ధమెందుకు, నాకు చాలా నచ్చింది. మేనేజరు "ఇప్పుడు బాగుంది మేడం" అన్నప్పుడు మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నా బయటికి ఏమీ కనబడలేదు. అదొక సుఖం.

మూడో వారంలో వదిన ఫోన్ చేసింది. వదినంటే పెద్దమ్మ కోడలు. "అత్త పోయినాది పాపా. పొద్దున బాగానే ఉండె. నేను సోలార్ కాడ గడ్డి కోసేదానికి పోయినా. వచ్చి చూస్తే మీ అమ్మ ఒడిలో తల పెట్టుకోని ఉండాది. మీ అమ్మ తప్ప ఎవురూ లేరు పాపా" అని ఏడ్చింది.

పావగడలో బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాను. దారి పొడవునా కంచె, కంచె వెనక మా ఊరి చేలను కౌలుకు తీసుకుని పరిచిన సోలార్ ప్యానెళ్లు. మా చేను ఏదో, పెద్దమ్మ చేను ఏదో ఇప్పుడు గుర్తుపట్టలేను. ఆమె నన్ను మోసుకు తిరిగిన గట్టు ఎక్కడో వాటి కిందే ఉంది.

అమ్మ పెద్దమ్మ తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నా కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అమ్మ ఆ నీళ్లు చూసింది, నా నుదురు చూసింది. ఎడమ చేతిలో ఏదో పట్టుకున్నట్టు పెట్టి, కుడిచేత్తో దాన్ని తరిగింది. ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ కోస్తే వచ్చే నీళ్లా ఇవి అని నన్ను అడుగుతోంది.

"మొగం ఇస్త్రీ చేపిచ్చినట్ల ఉండాది, ఏమైంది పాపా?" అని వదిన కూడా అంది.

నుదుట సూది పొడిచినట్టు అమ్మకు చూపించాను. జబ్బా అని అడిగింది. కాదని తల ఊపాను. జబ్బు లేనిదానికి సూది ఎందుకో చెప్పడానికి నా దగ్గర సైగ లేదు. ముక్కుపుడక తాకి, ఎలా పోయింది, ఏమైనా చెప్పిందా అని అడిగాను. అమ్మ కళ్లు మూసుకుంది. అమ్మ కళ్లు మూసుకుంటే తలుపు గడియ పెట్టుకున్నట్టే. కర్మ అయ్యేదాకా ఉన్నాను. రోజూ అడిగాను, రోజూ కళ్లు మూసుకుంది.

బెంగళూరు వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఇది తొందరగా పోవాలంటే ఏం చేయాలని అడిగాను. "అందరూ ఎక్కువ రోజులు నిలవడానికి ఏం చేయాలని అడుగుతారండీ. దీనికి విరుగుడు లేదు. మూడు నాలుగు నెలల్లో దానంతటదే తగ్గుతుంది" అంది. ఆమె వద్దన్నవన్నీ అప్పుడు చేశాను. బోర్లా పడుకున్నాను, రుద్దాను, ఎండలో నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

ఆ నెలల్లో నా ఆరాటమంతా ఒకటే. పెద్దమ్మ గొంతు నా చెవుల్లోనే ఉంది, అది ఎక్కడికీ పోదు. ఆ చివరి మధ్యాహ్నం మాత్రం అమ్మ చేతుల్లో ఉండిపోయింది. నాకు మాట ఇచ్చిన మనిషి పోయేముందు నన్ను తలుచుకుందో లేదో తెలిసింది ఈ భూమ్మీద అమ్మ ఒక్కతికే. ఆమె చెప్పాలంటే నన్ను నమ్మాలి. రోజూ అద్దం ముందు నిలబడి నొసలు ముడిచేదాన్ని. అది పలికేది కాదు.

ఒకరోజు ఒకామె బీరువాలకు బీరువాల చీరలు విప్పించి, ఒక్కటీ కొనకుండా, "మీ దగ్గర ఏమీ బాగా లేవు" అని లేచింది. ఎదుటి అద్దంలో నా కనుబొమల మధ్య సన్నగా గీత కదిలింది. ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఇంకో రెండు వారాలు ఆగి, గీత బాగా పడ్డాక ఊరికి వెళ్లాను.

అమ్మ వాకిట్లో కూర్చుని చేటలో శనక్కాయలు వలుస్తోంది. ఎదురుగా కూర్చుని ముక్కుపుడక తాకాను. ఇన్ని నెలల ఏడుపు ముఖంలోకి వచ్చింది. అమ్మ చాలాసేపు చూసింది. చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

అప్పుడు చెప్పింది. పెద్దమ్మ నీళ్లు అడిగింది. తాగించింది. ఒడిలో తల పెట్టుకుంది. పెదవులు ఆడాయి గానీ అమ్మకు అర్థం కాలేదు. బతుకంతా నోటితో గెలిచిన మనిషి చివరికి చెల్లెలి భాషకు వచ్చింది. చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి ఎంత మెల్లగా లేచిందో అమ్మ అలాగే లేపి చూపించింది. పెద్దమ్మ బొటనవేలు తన కనుబొమల మధ్య పెట్టుకుని నిలువుగా గీసింది. వాకిలి వైపు చూసింది. మళ్లీ గీసింది. మళ్లీ వాకిలి వైపు చూసింది.

అమ్మ ముందుకు వంగి అదే బొటనవేలు నా నొసటి మీద పెట్టి, గీత ఉందా లేదా అని తడిమింది. నేను గట్టిగా ఏడ్చాను. అమ్మ ఈసారి కళ్లు మూసుకోకుండా నన్నే చూస్తూ కూర్చుంది.