చిక్కం కట్టిన కారు

ఆ రోజుల్లో కరీంనగర్‌లో మనిషి హోదా అతని బండి మొహం చూస్తేనే తెలిసిపోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మనిషి మొహం సంగతి వేరు. అది పుట్టుకతో వస్తుంది, దాన్ని మనం ఏమీ చెయ్యలేం (నా విషయంలో నన్ను కన్న మా అవ్వ కూడా ఒప్పుకున్న మాట ఇది). బండి మొహం మాత్రం మన చేతిలోనే ఉంటుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. ఒక గ్రానైట్ ఆఫీసులో రాళ్ళ కొలతలు రాసుకునే పని. ఆ ఆఫీసుకు వచ్చే జీపులన్నిటికీ ముందర నల్లటి ఇనుప గార్డులు, ఆ గార్డుల మీద అన్నం తినే పళ్ళేలంత లైట్లు ఉండేవి. ఆ జీపుల్లో ఒకటి మలుపు తిరిగిందంటే చాలు, మా వాచ్‌మన్ పరుగున పోయి గేటు తీసేవాడు. నేను సైకిలు మీద వస్తే అదే వాచ్‌మన్ నోట్లో బీడీ కూడా తీసేవాడు కాదు. లోకంలో ఉన్న మర్యాదంతా బంపర్ దగ్గరే ఉందని నాకు అక్కడే జ్ఞానోదయమైంది.

మా ఇంట్లోనూ ఒక కారు ఉండేది. హుజూరాబాద్‌లో ఎరువుల దుకాణం నడిపే మా బాపు, రిటైరైన డాక్టరొకాయన దగ్గర కొన్న తెల్ల అంబాసిడర్ అది. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దది, బుద్ధిలో ఇంకా పెద్దది. గుండ్రటి రెండు కళ్ళు, వాటి కింద నవ్వుతున్నట్టు వంగిన వెండిరంగు బంపర్. చూస్తే పెళ్ళిపందిట్లో నిలబడి వచ్చినవాళ్ళందర్నీ పలకరించే పెద్దమనిషిలా ఉండేది. నాకు నచ్చనిది ఆ పలకరింపే. నవ్వుతూ ఎదురొచ్చే బండిని చూసి ఎవడు పక్కకు తప్పుకుంటాడు?

ఇంతలో మా అక్కకు ఆదిలాబాద్ జిల్లాలో టీచరు నౌకరీ వచ్చింది. బోథ్ మండలంలో లోపలెక్కడో ఒక ఊరి బడి. ఆర్డరు చేతికొచ్చిన వారానికే అక్క జ్వరంతో మంచం పట్టింది. లేచి నిలబడేసరికి చేరడానికి ఒక్క రోజే గడువు మిగిలేలా ఉంది. ఆ రోజు పొద్దున పదిన్నరలోపు బోథ్ మండలాఫీసులో సంతకం పెట్టకపోతే నౌకరీ పోయినట్టే. నీరసంగా ఉన్న పిల్లను మూడు బస్సులు మార్చి తీసుకుపోవడానికి బాపుకు మనసొప్పలేదు. నన్ను పిలిచి, "కారు కరీంనగర్ తీస్కపొయ్యి మంచి మేస్త్రికి సూపియ్యిరా. బ్రేకులు, వైర్లు, ఆయిలు అన్నీ సూడుమను. అక్కను తోల్కపోవాలె, నడ్మ ఆగొద్దు," అన్నాడు. బాపు చెప్పింది బ్రేకులు, వైర్లు, ఆయిలు. దేవుని సాక్షిగా నా చెవిన పడింది మాత్రం "కారు కరీంనగర్ తీస్కపొయ్యి" వరకే.

బస్టాండు వెనక ఒక మెకానిక్ ఉండేవాడు. ఏ బండి ఎంత పాడై వచ్చినా ఆయన అనే మాట ఒకటే, "ఫికర్ మత్!", అంటే దిగులు పడకు అని. అందుకని ఊరంతా ఆయన్ను ఫికర్‌మత్ భాయ్ అనే పిలిచేది. భాయ్ చేత బ్రేకులు పావుగంటలో చూపించాను. మిగతా మూడు రోజులూ కారు మొహానికే ఖర్చుపెట్టాను. నవ్వే బంపర్ ఊడదీయించాను. దాని జాగాలో నీళ్ళ పైపులు వంచి వెల్డింగు చేసిన గార్డు వచ్చింది. అది నా నడుము ఎత్తు ఉంది, నల్లరంగు వేసేసరికి జైలు గేటు లేచి వచ్చి నిలబడ్డట్టుంది. గార్డు మీద రెండు తెల్లలైట్లు, కింద రెండు పసుప్పచ్చ లైట్లు బిగించాం. పాత కళ్ళల్లో కూడా కొత్త బల్బులు, రెట్టింపు వెలుగువి. అన్నీ అయ్యాక భాయ్ ఒక మాటన్నాడు. "భాయీ, ఇన్ని లైట్లు పెడ్తె నడ్మ రిలే అని చిన్న డబ్బా ఒకటి పెట్టాలె. లేకుంటె పాత వైర్లు గరమై కాల్తయి."

"అది బయటికి కనవడ్తదా?"

"నై, బానెట్ లోపల ఉంటది."

"మరి ఎందుకది?"

ఫికర్‌మత్ భాయ్ జీవితంలో మొదటిసారి ఫికర్ చేసింది ఆ క్షణంలోనే అనుకుంటాను. నా వంక జాలిగా చూసి, "నీ మర్జీ," అని చేతులు తుడుచుకున్నాడు.

కారు ఇంటిముందు ఆపి, బాపు దుకాణం నుంచి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను. బాపు వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆగి, మళ్ళీ తిరిగాడు. గార్డు పట్టుకుని ఊపి చూశాడు. చివరికి నా వైపు తిరిగి, "బండికి చిక్కం గట్టినవేందిరా? ఎవలి చేన్ల మేస్తదని?" అన్నాడు. (గుంటుక తోలేటప్పుడు పైరు మేయకుండా ఎడ్ల మూతికి కట్టే తాళ్ళ బుట్టను మా దిక్కు చిక్కం అంటారు.) అవ్వ గుమ్మంలోంచి, "నాకైతె దిష్టిబొమ్మ లెక్క కనవడ్తుంది," అంది. అక్క మాత్రం జ్వరంతో పీక్కుపోయిన మొహంతో నవ్వుతూనే ఉంది. మళ్ళీ మార్పించే టైము లేదు. మర్నాడే ప్రయాణం.

మేం ముగ్గురం మధ్యాహ్నం బయల్దేరి జగిత్యాల మీదుగా నిర్మల్ దారి పట్టాం. నా రొట్టె విరిగి నేతిలో పడ్డది ఆ సాయంత్రమే. ఎదురొచ్చే మోటరు సైకిళ్ళు రోడ్డు దిగిపోయాయి. గోదావరి దాటాక ఒక చెక్‌పోస్టు దగ్గర, అడ్డకర్ర పక్కన కూర్చున్న మనిషి మా గార్డు చూసి దిగ్గున లేచి, కర్ర పైకెత్తి సలాం కొట్టాడు. నా ఛాతీ స్టీరింగుకు తగిలింది. నేను సీరియస్‌గా ముందుకే చూస్తుంటే పక్కన కూర్చున్న బాపు రెండు చేతులూ జోడించి ఆయనకు వంగి దండం పెట్టాడు.

"గట్ల పెట్టొద్దు బాపు, పెద్దోళ్ళు పెట్టరు," అన్నాను.

"ఆయన పెట్టిండు, నేను పెట్టిన. గిండ్ల పెద్దోడు ఎవడు, చిన్నోడు ఎవడు?" అన్నాడు బాపు.

ఆ రాత్రి నిర్మల్‌లో మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లవారుజామున చాయ్ తాగి కదిలాం. చలికాలం. ఊరు దాటి కొండల మీది ఘాటురోడ్డు ఎక్కడం మొదలుపెట్టగానే మంచు కమ్ముకుంది. అది మామూలు మంచు కాదు, పాలగిన్నెలో పడ్డ ఈగకు లోకం ఎలా కనిపిస్తుందో మాకు అలా కనిపించింది. నాకు మాత్రం సంతోషమే. నా లైట్లు పుట్టింది ఇలాంటి రోజు కోసమే కదా! గార్డు మీది తెల్లలైట్లు వేశాను. అంతే, ఎదురుగా కొత్తగా సున్నం వేసిన గోడ లేచినట్టయింది. అంతకుముందు కనిపిస్తున్న నాలుగు గజాల రోడ్డు కూడా మాయమైంది.

"ఆర్పురా, కండ్లు పోతున్నయి!"

"ఇంక పచ్చయి ఉన్నయి బాపు, మంచు కోసమే పెట్టిచ్చిన," అని ఆర్పకుండా ఆ రెండూ కూడా వేశాను. ఒక్క నిమిషం ఘాటంతా పెళ్ళి ఊరేగింపులా వెలిగింది. తర్వాత ముక్కుకు రబ్బరు కాలిన వాసన తగిలింది. స్టీరింగు కింద నుంచి సన్నటి పొగ పాములా పైకి లేచింది. 'టప్' అని ఒక చప్పుడు, అంతే. కొత్తవీ పాతవీ కలిపి ఆరు లైట్లూ ఆరిపోయాయి. (బయటికి కనపడని ఆ చిన్న డబ్బా ఆ క్షణంలో నాకు చాలా స్పష్టంగా కనపడింది.)

ఇంజన్ మాత్రం ఆడుతూనే ఉంది, అదొక్కటే అదృష్టం. ఉన్నచోటే ఆగుదామంటే మలుపు, వెనక నుంచి ఏ లారీ వచ్చి గుద్దుతుందో తెలియదు. ఆగకుండా పోదామంటే పక్కన లోయ. మంచు విడిచేదాకా ఎక్కడో కూర్చుందామంటే పదిన్నర ఎవరి కోసమూ ఆగదు. వెనక సీట్లో అక్క ఆర్డరు కాగితం ఉన్న సంచిని గుండెలకు హత్తుకుని కూర్చుంది. "తమ్మీ, నౌకరి పోయినా మంచిదే, మెల్లగ పోనియ్యి," అంది. నాకు ఏడుపొచ్చింది. ఇరవై మూడేళ్ళవాణ్ణి, స్టీరింగు పట్టుకుని ఏడిస్తే బాగుండదని దగ్గాను.

బాపు గొంగడి కప్పుకున్నాడు, సంచిలోంచి పొలానికి తీసుకుపోయే మూడు బ్యాటరీల టార్చి తీశాడు, తలుపు తీసుకుని దిగాడు. నడుచుకుంటూ దారి చూపిస్తాడనుకున్నాను. ఆయన నేరుగా పోయి నా గార్డు ఎక్కి కూర్చున్నాడు. వీపు బానెట్‌కు ఆనించి, ఒక చేత్తో పైపు పట్టుకుని, రెండో చేత్తో టార్చి కిందికి, రోడ్డు అంచుకు కొట్టాడు. అంచు కనిపించింది. "ఇగ పోనియ్యిరా," అని అరిచాడు.

పోనిచ్చాను, మనిషి నడిచేంత వేగంతో. చిక్కంతా భాష దగ్గర వచ్చింది. బాపుకు కుడి ఎడమలు రావు, చిన్నప్పటినుంచి ఎడ్లు తోలిన మనిషి. "దాపటికి! దాపటికి! ఇగ ఎలపటికి!" అని కేకలేస్తున్నాడు. కాడికి కట్టిన ఎడ్లలో ఏది దాపటిదో ఏది ఎలపటిదో, రాళ్ళ కొలతలు రాసుకునే నాకేం తెలుసు? దాపటికి అన్నప్పుడు కుడికి తిప్పాను. "అరే, లోయల పడేస్తవా!" అని బాపు గావుకేక పెట్టాడు. అప్పటినుంచి అక్క వెనక సీట్లోంచి ముందుకు వంగి నాకు అనువాదం చేసింది. "దాపటంటె ఎడమ తమ్మీ... ఎలపటంటె కుడి... ఎడమ, ఎడమ..." మా అక్క టీచరుగా చెప్పిన మొదటి పాఠం అదే. విద్యార్థి నేనే.

ఒక మలుపులో లారీ ఎదురైంది. కీచుమని బ్రేకు వేసి ఆగిపోయింది. తెల్లకారు తెల్లమంచులో కలిసిపోయి వాళ్ళకు కనపడలేదు. కనపడింది ఒక్కటే, గొంగడి కప్పుకుని, చేతిలో దీపంతో, నేలకు మూడడుగుల ఎత్తున గాలిలో కూర్చుని తేలుతూ వస్తున్న ముసలాయన. డ్రైవరు మహారాష్ట్ర మనిషి. "దేవా రే దేవా! కోణ్ ఆహే?" అని లారీలోంచే కేక పెట్టాడు. పత్తి బేరాల్లో నాలుగు మరాఠీ ముక్కలు నేర్చిన బాపు, "మాణూస్ ఆహే బాబా, మాణూస్! మనిషినే! బిడ్డ నౌకరికి పోతుంది, జర పక్కకు జరుగు!" అన్నాడు. డ్రైవరు మాకు దారి ఇచ్చి, ఇంకో మూడు మలుపులు దాటితే మంచు లేదని చెప్పి, పోతూ పోతూ బాపుకు దండం పెట్టాడు. బాపు మనిషేనని ఆయన పూర్తిగా నమ్మినట్టు లేదు.

ఆ గంటసేపు నాకు కనిపించింది బాపు వీపు ఒక్కటే. గొంగడి తడిసి బరువెక్కింది. మధ్యమధ్య దగ్గు వస్తే భుజాలు ఎగిసిపడేవి, టార్చి వెలుగు మాత్రం అంచు మీదనుంచి కదిలేది కాదు. అంతకుముందు ఎన్నడూ బాపును అంతసేపు కన్నార్పకుండా చూడలేదు.

మంచు విడిచాక లోపలికొచ్చి కూర్చున్నాడు. పది దాటుతుండగా బోథ్ చేరాం. మండలాఫీసు ముందు మా గార్డు ఆగీ ఆగకముందే లోపల కుర్చీల చప్పుడైంది. ఒక గుమస్తా చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చి, తడి గొంగడిలో బిగుసుకుపోయి దిగుతున్న బాపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నమస్తే సార్! తనిఖీకి అచ్చిన్రా? ఏ డిపార్ట్‌మెంట్ సార్?"

బాపు చేతిలో టార్చి ఆ ఎండలో ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని చూసుకుని ఆర్పి, "నేనా? నేను గీ కారు లైటును బిడ్డా. పొద్దటిసంది వెలుగుతున్న. ముందుగాల మా బిడ్డ సంతకం పెట్టిచ్చుకో," అన్నాడు.

పది నిమిషాల్లో సంతకమైంది, చాయ్ కూడా వచ్చింది. అటునుంచి ఊరి బడికి పోయాం. అక్క క్లాసులోకి వెళ్ళి, సుద్దముక్క పట్టుకుని, పిల్లల పేర్లు ఒక్కొక్కటీ అడుగుతుంటే మేమిద్దరం బయట మెట్ల మీద ఎండ కాగుతూ విన్నాం. బాపు బూట్లు విప్పి కాళ్ళు రుద్దుకుంటున్నాడు. నేనిక ఆగలేకపోయాను. "బాపు, గా గార్డు, లైట్లు అన్నీ తీసేపిస్త," అన్నాను, తల దించుకుని.

బాపు కాసేపు కారు వంక చూశాడు. "లైట్లు తీసేపియ్యి. గార్డు ఉండనియ్యి," అన్నాడు. "గని దాని మీద జర మెత్తగ గద్దె కుట్టియ్యిరా. నడుము పోయింది."

బాపుకు వారం రోజులు జలుబు వదల్లేదు. అయినా దుకాణానికి వచ్చిన ప్రతి రైతుకూ ఈ కథ చెప్పాడు. నాలుగోసారికి లారీలు మూడయ్యాయి, లోయ లోతు రెట్టింపయింది. నా తెలివి గురించి మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాడు, దానికి కలపాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు నాకు ఆనాటి బాపు వయసు దాటింది. పోయిన సంవత్సరం కరీంనగర్‌లో కొత్త కారు కొంటుంటే, అమ్మే పిల్ల ఎంతో ఓపికగా చెప్పింది. చీకటి పడితే లైట్లు వాటంతటవే వెలుగుతాయట, ఎదురు బండి వస్తే వాటంతటవే వంగుతాయట. బాగుందమ్మా, బాగుందమ్మా అంటూ పెద్దమనిషిలా తల ఊపాను. సంతకం పెట్టి కలం మూత పెడుతుండగా, ఇన్నేళ్ళూ నాలో ఎక్కడ దాక్కున్నాడో గాని, ఇరవై మూడేళ్ళ వాడొకడు నా డొక్కలో పొడవడం మొదలుపెట్టాడు. వద్దురా అంటే విన్నాడు కాదు.

"అమ్మా, ముందర ఇనుప గార్డు ఏమన్నా పెట్టిస్తరా?"

ఆ పిల్ల నా నెరిసిన మీసాల వంక చూసి నవ్వు ఆపుకుంది. "ఇప్పుడవి పెట్టొద్దు సార్, పర్మిషన్ లేదు," అంది.

"ఊకెనే అడిగిన," అని తాళాలు అందుకున్నాను. కొత్త కారు ముందు కాసేపు నిలబడి, నున్నగా బోసిగా ఉన్న దాని మొహం వంక చూశాను. నాలోని వాడు ఇంకా అలిగే ఉన్నాడు. పోనీలే అని వాడి తరఫున నేనే నవ్వి, బండి ఎక్కాను.