విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టిన రోజు

భద్రాచలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. కానీ ఈసారి బయలుదేరింది మొక్కు కోసం కాదు, మా చెల్లి పని కోసం. సుజాత మా ఇంట్లో ఆఖరిది, నేను పెద్దదాన్ని. పాఠాలు చెప్పే బడి మూతపడ్డాక హైదరాబాద్‌లో సాయంత్రం క్లాసులకు వెళ్లి జపనీస్ నేర్చుకుంది. ఆ భాషతో వచ్చిన మొదటి పని ఇది. జపాన్‌లో కూరపొడి తయారుచేసే ఒక కంపెనీ నుంచి హరుకో గారనే ఆవిడ మన అడవి ఊళ్ల వంటలు చూడడానికి వస్తోంది. సుజాత వెంట ఉండి ఒకరి మాట ఇంకొకరికి చెప్పాలి. ఆవిడకు నచ్చితే ఆ ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే మళ్లీ వెతుకులాటే. "అక్కా, నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యం. రావాలె" అని ఫోన్ చేసింది. సరే అన్నాను.

వాళ్లు ఖమ్మంలో దిగి, పొద్దున పదింటికి సుమోలో తల్లాడ వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. ఆ రోజుల్లో ఖమ్మం నుంచి భద్రాచలానికి రానూపోనూ సుమో కిరాయి పదిహేను వందలు. ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మామూలుగా మూడున్నర గంటలు పడుతుంది. వానాకాలమైతే ఇంకో గంట కలుపుకోండి. ఆ రోజు ముసురు పట్టింది. హరుకో గారు నలభై దాటిన మనిషి. నన్ను చూడగానే వంగి ఏదో అంది. నా చీర, మా ఊరి గాలి, వాన కూడా బాగున్నాయట. ఏన్కూరు దాటేలోపు రోడ్డు పక్క గేదెలను సైతం మెచ్చుకుంది. సుజాత అంతకు రెండింతలు తిరిగి పొగిడింది. నాకు మాత్రం కుదురు లేదు. అన్నీ బాగున్నాయనే మనిషికి ఏది బాగుందో ఎట్లా తెలుస్తుంది? చేతిలో జపమాల తిరుగుతోంది, నామం నిలవడం లేదు.

"అట్ల ఎదుటి మనిషిని ఉబ్బించుడును వాళ్లు నువ్వులు నూరుడంటరక్కా" అంది సుజాత నా చెవిలో.

"మనకాడ మస్కా కొట్టుడు" అన్నాడు డ్రైవర్ నర్సింహ వెనక్కి తిరగకుండానే. "మా ఓనర్ దగ్గర నేను రోజు నూరుడే పెద్దక్కా. అయినా జీతం పెంచకపాయె."

బెరుకు పోవడానికేమో, సుజాత దారి పొడుగునా జపాన్ కూరల పేర్లు వల్లె వేసింది. అన్నం మీద పోసేది కరే రైసు. రొట్టెపొడి పట్టించి వేయించిన మాంసం ముక్కతో పెడితే కత్సు కరే. లావుపాటి సేమ్యాల వంటివాటితో అయితే కరే ఉదోన్. కరే పాన్ అంటే కూర కూరిన బన్ను.

"బన్నుల కూరనా? కొత్తగూడెం బేకరీల కర్రీ పఫ్ లేదా ఏంది, గంత దూరం పోవాల్నా!" అన్నాడు నర్సింహ.

కారం తక్కువైతే అమకుచి, మధ్యరకమైతే చూకరా, ఎక్కువైతే కరకుచి అట. నోరు మండితే 'కరాయ్' అంటారట. కరాయ్, కారం దగ్గరగా ఉన్నాయి కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

పాల్వంచ దాటి కొంత దూరం వెళ్లాక నర్సింహ ఎడమకు మట్టిరోడ్డు పట్టాడు. అక్కడి కోయ ఊరిలో సమ్మక్క అనే ఆమె ముందుగా కబురు చేస్తే బాటసారులకు వండిపెడుతుంది. మనిషికి నలభై రూపాయలు, కోడి ఖరీదు వేరు. మేం చేరేసరికి ఒంటిగంట. పొయ్యి మీద నాటుకోడి ఉడుకుతోంది. ఆమె కోడలితో వాళ్ల భాషలో ఏదో చెప్పి, మాకు మోదుగాకు విస్తర్లు వేసింది.

ఆ ఇంట్లో ఒక మర్యాద ఉంది. తినేవాళ్లు బాగుందంటే ఇంకా కావాలని అర్థం. చాలనుకుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. మా ఇళ్లలోనూ అంతే కాబట్టి ఎవరూ విడిగా చెప్పరు. హరుకో గారు మొదటి ముద్ద తిని "ఓయిషీ" అంది. రుచిగా ఉందన్నమాట. సుజాత చెప్పగానే సమ్మక్క గరిటెడు వేసింది. ఆవిడ "ఒజోజు దెస్ నే" అంది.

"మీ చెయ్యి గొప్పదంటున్నరు సమ్మక్కా" అంది సుజాత.

ఇంకో గరిటె పడింది. ఆవిడ నుదుట చెమట పట్టింది, ముక్కు ఎర్రబడింది. చాలా నెమ్మదిగా, నవ్వుతూనే, "కరాయ్" అంది. సుజాత ముఖం పాలిపోయింది. నా వైపు చూసి, సమ్మక్క వైపు తిరిగి, "శానా బాగుందంటున్నరు" అంది.

గరిటె మళ్లీ లేచింది. నేను హరుకో గారి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను.

"కారమైంది తల్లీ, ఆమెకు" అన్నాను.

సుజాత తల దించుకుంది. సమ్మక్క గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి, పకపకా నవ్వింది. "నోట్లె నిప్పు పెట్టుకొని బాగుందంటదా! ముందుగాల చెప్తే నేనేమన్న కొడ్తనా బిడ్డా? నీ చెల్లెకు ఏం భయమమ్మా గంత?"

మజ్జిగ ఇచ్చి, తమ కోసం వండుకున్న కూర తెచ్చింది. వెదురు చిగుళ్లు, ఉప్పు, పసుపు, కొంచెం చింతపండు, అంతే. హరుకో గారు ముక్కను వేలితో తిప్పి చూసి, "తకెనొకో" అంది. వాళ్ల దేశంలోనూ తింటారట. తర్వాత ఒక్క మాటా లేదు. తినేసి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. చేదు పోవడానికి ఎన్నిసార్లు నీళ్లు మారుస్తారని చేతులతో అడిగింది. సమ్మక్క మూడు వేళ్లు చూపించింది. ఆవిడ పక్కనున్న బియ్యం కడిగిన నీళ్లను చూపించి, తాము అందులో ఉడికిస్తామని సైగ చేసింది. ఇద్దరూ పొయ్యి ముందు కూర్చున్నారు. సుజాతను ఎవరూ పిలవలేదు.

"పొగుడుతలేదక్కా. నా పని అయిపోయింది" అంది సుజాత. కళ్లలో నీళ్లు.

బండి ఎక్కాక హరుకో గారు సూటిగా ఏదో అడిగింది. కరాయ్ అన్న మాటను వంటామెకు ఏమని చెప్పావని. సుజాత దాచకుండా చెప్పింది. సారపాక దాకా నేను ఒకే నామాన్ని పట్టుకుని కూర్చున్నాను. వంతెన ఎక్కాం. కింద గోదావరి ఎర్రగా పొంగుతోంది. అప్పుడు ఆవిడ నాలుగు మాటలు మాట్లాడింది. సుజాత నా వైపు తిరిగింది.

"మళ్ల చలికాలం వస్తదట. పసుపు తోటలు చూడనీకి. నన్నే రమ్మంది. కాని కారమంటే కారమనే చెప్పాలన్నది."

"అవ్" అన్నాను.

దర్శనంలో నేను కొత్తగా ఏమీ కోరుకోలేదు. పక్కన సుజాత కళ్లు మూసుకుని చాలాసేపు దండం పెట్టుకుంది. ఉద్యోగం వచ్చిన సంతోషమో, నిజం చెప్పడం రోజూ పనిగా చేయాలన్న భయమో అడగలేదు. నా మనసూ పూర్తిగా కుదుటపడలేదు. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని మాట మార్చడం ఆమె నా దగ్గరే నేర్చుకుని ఉంటుంది. ఇంటికి పెద్దదాన్ని కదా, అందరికీ సర్దిచెప్పడమే నా పని అనుకునేదాన్ని. సమ్మక్క నవ్వు మాత్రం చెవుల్లో ఉండిపోయింది. నిజం చెబితే ఆమె నొచ్చుకోలేదు, మజ్జిగ తెచ్చింది.

అటు వెళ్లేవాళ్లు వంట మొదలుపెట్టక ముందే కారం ఎంత తినగలరో చెప్పండి. మెచ్చుకోవడం మాత్రం చేతులు కడుక్కున్నాక.