వానకు తొవ్వ ఇచ్చిన ఇల్లు

మా లింగమూర్తి మామ లక్సెట్టిపేటల, ఇరిగేషన్ దఫ్తర్ల నక్షలు గీసేటోడు. ఆ పని హైదరాబాద్‌ల నేర్చుకున్నడు. అందరు పెంకుటిండ్లు కట్టుకునే కాలంల, యాభైతొమ్మిదిల, తన ఇంటి నక్ష తనే గీసుకున్నడు. జాగ ఊరవతల, గోదారి దిక్కు ఏటవాలు మీద. నడిమిట్ల ఏనుగంత నల్లబండ, దాని పక్కన ఇప్పచెట్టు.

"తూటా పెడితే పొద్దుగూకేసరికి బండ లేస్తది సారూ," అన్నడు మేస్త్రి సాంబయ్య.

"దాన్ని ముట్టకు. అదే మన ఎనుక గోడ," అన్నడు మామ.

పైన చదునుగ సిమెంటు కప్పు. ఇప్పకొమ్మను నరకకుండ కప్పునే ఒంపు తిప్పిండు. కిటికీలు గోడంత పొడుగు. చూడవచ్చినోళ్లు "ఇల్లా, బస్టాండా?" అని నవ్విండ్రు. ఇల్లు చొచ్చిన నాడు బాలలక్ష్మి అత్త బండ మీద చెయ్యి పెట్టి, "గింత ఎండల గూడ సల్లగుంది," అన్నది. మామకు ఆ మాట చాలు.

మొదటి పెద్దవానకు బండ మీదికెల్లి నీళ్లు ఇంట్లకు దుంకినయి. మామ మురిపెంగ నున్నగ నూరిపించిన ఎర్రగచ్చు చెరువైంది. పరుపు తడిసింది, బియ్యం తడిసినయి. బండకు గోడకు నడుమ సిమెంటు పెట్టిచ్చిండు. మళ్ల వానకు ఇంకో సందులకెల్లి వచ్చినయి. మళ్ల పెట్టిచ్చిండు, మళ్ల వచ్చినయి. మామకు అన్నం సయిస్తలేదు.

"నా నక్షనే తప్పింది లక్ష్మీ. రేపు తూటా పెట్టిచ్చి బండ తీసేపిస్త."

తడిసిన బియ్యం ఆరబోస్తున్న అత్త తల లేపింది. "చెట్టుకు జాగ ఇచ్చినవు, బండకు ఇచ్చినవు. గా నీళ్లు నీకేం పాపం చేసినయి? వాటికి గూడ జర తొవ్వ ఇయ్యరాదు?"

మామ తెల్లారి సాంబయ్యను పిలిచి, ఆ ఎర్రగచ్చు మీద మొదటి సుత్తెదెబ్బ తనే ఏసిండు. బండ మొదట్లకెల్లి ముంగటి అరుగు దాంక జానెడు వెడల్పు కాలువ తీసిండ్రు. మళ్ల వానకు నీళ్లు వంటింటి పక్కపొంటి గలగల పారి, అత్త పెట్టిన బీరపాదులకు దిగినయి. అత్త అందులనే గిన్నెలు కడిగింది. మామ పీటేసుకొని, కాళ్లు నీళ్లల పెట్టి, చాయ అడిగిండు.

కొన్నేండ్లకు కరీంనగర్ వకీలు రామేశ్వర్‌రావు తనకు గసొంటి ఇల్లే గీసియ్యమన్నడు.

"ఒక్క వానకాలం ఆగుండ్రి. నీళ్లు ఎటు పోతయో చూసి గీస్త," అన్నడు మామ.

వకీలుకు ఓపిక లేకపాయె. వేరేటోనితోని మేడ కట్టిచ్చుకున్నడు. మామ ఫికర్ చెయ్యలే. అత్త చెల్లె చంద్రవ్వ జమ్మికుంటల ఇల్లేసుకుంటనంటె, మంచి ముసురుల బస్సెక్కి పోయిండు. ఆమె జాగంత గొడుగు పట్టుకొని తిరిగి, బురదకాళ్లతోనే వాళ్ల పాతింటి అరుగు మీద కూసుండి, జొన్నరొట్టె తినుకుంట నక్ష గీసిండు.