నూట యాభై రూపాయల తమ్ముడు: బీదరుకు కిరాయి కారు, ఒక బీమా కాగితం

శ్రీలత గారూ, కిందటి వ్యాసం కింద మీరు "అమ్మా, మీ రోజులే నయం. డబ్బిచ్చి కారెక్కితే సరిపోయేది, ఈ బీమా గొడవలేవీ లేవు" అని రాశారు. సరిదిద్దుకోండి. బీమా ఉండేది, గొడవా ఉండేది. కాగితం చదివే అలవాటు మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వచ్చే నెల అద్దె కారులో బీదరు వెళ్తున్నానన్నారు కాబట్టి, డెబ్బైల చివర్లో నేను అదే దారిన వెళ్లిన కథ చెబుతాను. అందులో మొదటి మూడు కిలోమీటర్లకే మూడు గంటలు పట్టింది.

అప్పుడు మేం శాలిబండలో ఉండేవాళ్లం. కృష్ణా జిల్లా నుంచి మావారి ఉద్యోగం మమ్మల్ని అక్కడికి తెచ్చి పడేసింది. నేను దగ్గర్లోనే ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా అత్తగారికి బీదరు గుహలో నరసింహస్వామిని ఛాతీ లోతు నీళ్లలో నడిచి చూడాలని మొక్కు. డెబ్బై ఏళ్ల మనిషి, బస్సులో నాలుగైదు గంటలు కూర్చోలేరు. మావారికి సెలవు దొరకలేదు. వెతికిన దాఖలాలూ లేవు. టాక్సీవాళ్లు రాష్ట్రం దాటాలంటే వేరే పర్మిట్టని చెప్పి రెండు వందల యాభై అడిగారు. అందుకని చార్మినార్ దగ్గర గాజుల కొట్టు యూసుఫ్ భాయ్‌ని పట్టుకున్నాను. అతనికి ఒక పాత ఫియట్ ఉండేది. భార్య బంగారు గాజులు అమ్మి కొన్నాడు. గాజులమ్మేవాడు గాజులమ్మి కారు కొన్నాడని బజారంతా నవ్వుకునేది. సాయంత్రాలు, ఆదివారాలు తెలిసినవాళ్లకు కిరాయికి తిప్పేవాడు. రాను పోను నూట యాభై, పెట్రోలు అతనిదే అని ఒప్పందం.

ముందురోజు సాయంత్రం కొట్టులో కూర్చుని బండి కాగితాలు చూపించమన్నాను.

"కాగితాలెందుకు టీచరమ్మా? బండిని చూడుండ్రి, పెండ్లిపిల్ల లెక్కుంది."

"పెళ్లికూతురికైనా జాతకం చూస్తాం, యూసుఫ్ భాయ్."

గల్లాపెట్టె అడుగునుంచి బీమా కాగితం తీశాడు. ఇంగ్లీషులో, చీమల బారులాంటి అక్షరాల్లో ఉంది. సొంత పనులకే వాడాలి, కిరాయికి తిప్పరాదు అని మధ్యలో ఒక వాక్యం.

"ఇందులో ఏముందో తెలుసా?"

"గుండ్రటి మొహర్ ఉంది, కింద దస్కత్ ఉంది. సాలుకు రెండొందలు కట్టిన. ఇంకేం గావాలె?"

"కిరాయికి తిప్పితే బీమావాళ్లు చేతులెత్తేస్తారు. ఎవరికైనా తగిలిందంటే నువ్వే ఇచ్చుకోవాలి. నీ దగ్గర ఉన్నదల్లా ఆ బండే."

ఒక్క క్షణం అతని మొహం వాడింది. వెంటనే తేరుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. ఇయ్యాలటి నుంచి మీరు నాకు ఆపా. అక్కను తమ్ముడు తీస్కపోతే గదెట్ల కిరాయైతది?"

"మరి ఆ నూట యాభై?"

"గది మీ ప్రేమ, ఆపా."

హైదరాబాదులో అక్క అనిపించుకోవడానికి రక్తసంబంధం అక్కర్లేదు, బేరమాడితే చాలు. అప్పుడే లేచి రావలసింది. కానీ ఇంట్లో అత్తయ్య అప్పటికే పులిహోరకు చింతపండు నానబెట్టారు. "అడిగితే అబద్ధం చెప్పను, అడగకపోతే నోరు విప్పను" అని షరతు పెట్టి వచ్చేశాను. ఆ షరతు సంగతి అత్తయ్యకు చెప్పకపోవడం నా తప్పు.

పొద్దున్న ఆరింటికి బయల్దేరి చార్మినార్ దాటి, హుస్సేనీ ఆలం మీదుగా పురానాపూల్ వంతెన వైపు వెళ్తున్నాం. వెనక సీట్లోంచి అత్తయ్య, "అబ్బాయీ, నీకు పిల్లలెంతమంది?" అని అడిగారు. యూసుఫ్ భాయ్ మర్యాదస్తుడు. పెద్దవాళ్లకు వెనక్కి తిరిగి జవాబు చెప్పాలనుకున్నాడు. "పాంచ్, అమ్మీ" అంటూ అయిదు వేళ్లూ ఎత్తి చూపించాడు. నలుగురే అయితే బొటనవేలైనా స్టీరింగు మీద మిగిలేది. బండి నెమ్మదిగా, చుట్టాన్ని పలకరించినట్టు, వంతెన మొగదల కుండల తోపుడు బండిని గుద్దింది.

కుండలు రోడ్డంతా దొర్లాయి. దాన్ని తోసుకుంటున్న కుమ్మరి, మల్లయ్యట, పక్కకు పడ్డాడు. మోకాలు గీసుకుపోయింది గానీ గొంతుకేం కాలేదు.

"నలభై కుండలు పాయె! నా నోట్ల మన్ను గొట్టిండ్రు! ఎవలిస్తరు పైసలు?"

నిమిషంలో జనం, వాళ్ల వెనక కానిస్టేబులు.

"ఏంది లొల్లి? బండెవలిది?"

"నాదే సాబ్."

"కిరాయికి కొడుతున్నవా?"

"లేద్ సాబ్! ఈమె మా ఆపా. వెనక మా అమ్మీ."

కానిస్టేబులు నా కుంకుమ బొట్టు చూశాడు, అత్తయ్య తులసిమాల చూశాడు, యూసుఫ్ భాయ్ టోపీ చూశాడు. "మంచిగుంది ఖాన్‌దాన్" అని నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నీ తమ్ముడేనా?"

అబద్ధాలాడిన పిల్లల్ని ఏళ్ల తరబడి బెంచీ ఎక్కించినదాన్ని. అవునంటే ఆ పిల్లల మొహం చూడలేను, కాదంటే యూసుఫ్ భాయ్ బండి పోతుంది. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకిప్పటికీ తెలియదు, ఎందుకంటే అత్తయ్య అందుకున్నారు.

"తమ్ముడేమిటి నాయనా! రాను పోను నూట యాభైకి మాట్లాడాం. పెట్రోలు అతనిదే. నువ్వెక్కడికి వెళ్లాలి?"

జనం నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. "తల్లికాడ నూట యాభై తీస్కుంటున్నవారా!" అని కానిస్టేబులు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "కేసు రాస్తే బండి ఠాణాల ఉంటది. కిరాయికి తిప్పితే సొంత బండి బీమా రాదు. లేకుంటే మీల మీరు రాజీ చేస్కోండ్రి" అన్నాడు. నలభై కుండలంటే నూట అరవై రూపాయలు. యూసుఫ్ భాయ్ కారు బానెట్ మీద చెయ్యి వేసి, దాన్ని ఎవరో అప్పుడే తోలుకుపోతున్నట్టు నిలబడ్డాడు.

అత్తయ్య కారు దిగారు. రోడ్డు పక్కన చతికిలబడి, దొర్లిన కుండల్ని ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని వేలి కణుపుతో కొట్టడం మొదలుపెట్టారు. ఖంగుమంటే ఒక పక్క, బొంగురుపోతే ఇంకో పక్క. "నలభై పగిలాయన్నావు, ఇవి ఇంకా పాడుతున్నాయేం నాయనా?" ముప్పావుగంట ఆ పరీక్ష సాగింది. పగిలినవి పదకొండు తేలాయి. అందులో రెండింటి పగులు లోపలికంటా దుమ్ము పట్టి ఉంది. "ఇవి పాత పగుళ్లు, మా ఖాతా కాదు."

"కుమ్మరోళ్లకన్న ఎక్కువ ఎరుక ఈ అవ్వకు" అని మల్లయ్య తల గోక్కున్నాడు.

అయితే, పొద్దుటి అమ్మకం పోయినందుకూ, మోకాలికి కట్టు కట్టించడానికీ అతను అడగకుండానే ఇప్పించింది కూడా అత్తయ్యే. అంతా కలిపి అరవై రూపాయలు. సగం నేనిచ్చాను. కాగితం చదవనివాడిది పొరపాటు. చదివి ఎక్కినదానిది అంతకంటే పెద్దది.

పురానాపూల్ దాటేసరికి తొమ్మిది. పటాన్‌చెరు, సంగారెడ్డి, జహీరాబాదు మీదుగా దాదాపు నూట నలభై కిలోమీటర్లు. ఒంటిగంటకు బీదరు చేరాం. అత్తయ్య నా భుజం పట్టుకుని నీళ్లలో నడిచి మొక్కు తీర్చుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు యూసుఫ్ భాయ్ సంగారెడ్డిలో బండి ఆపాడు. అక్కడ చాయ్ తాగాక అడిగాడు.

"అమ్మీ, కొడుకునని ఒక్క మాటంటే ఏం బోయేది?"

"ముందే చెప్పి ఉంటే పాతిక తగ్గించమనేదాన్ని. కన్నతల్లి దగ్గర నూట యాభై ఏమిట్రా?"

మరుసటి సోమవారం అతను బడి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో బీమావాళ్ల ఇంగ్లీషు ఫారం. సాయంత్రం బీమా ఆఫీసుకు వెళ్లి నేనే నింపాను. బండి దేనికి వాడతారు అన్నచోట 'కిరాయికి' అని రాశాను. టాక్సీ పర్మిట్టు ఖర్చు వేరే, బీమా రెండు వందల నుంచి నాలుగు వందలకు పోయింది. యూసుఫ్ భాయ్ మూలిగాడు గానీ సంతకం చేశాడు. గుమాస్తా కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, "మీరు ఈయనకి ఏమవుతారమ్మా?" అన్నాడు. యూసుఫ్ భాయ్ ఫారం వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఆఫీసంతా వినపడేలా చెప్పాడు:

"గిరాకీ సాబ్. పక్కా గిరాకీ."

ఆపా అన్నప్పటి కంటే, డబ్బిచ్చి ఎక్కే మనిషినన్న ఆ మాటకే నాకు మనసు చల్లబడింది. మన ఊళ్లలో వరసలు కలుపుకోవడం మంచి అలవాటే, దానివల్ల ప్రయాణాలు తేలికవుతాయి. కానీ దెబ్బ తగిలిన మనిషికి నువ్వు ఎవరికి అక్కవైతే ఏం? అతనికి కావలసింది పగిలిన కుండ ఖరీదు. అది ఎవరిస్తారో బండి కదలకముందే తెలిసి ఉండాలి. కాబట్టి కారు మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు అడగండి: బీమా కిరాయి వాడకానికి చెల్లుతుందా, నడిపేవారి విషయంలో షరతులున్నాయా, బండి దెబ్బతింటే మీ చేతినుంచి ఎంతవరకు పెట్టుకోవాలి.

శ్రీలత గారూ, ఒక చిన్న పని. రేపే ఆ కారు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లి బీమా కాగితం అడిగి తీసుకోండి. ఫోనులో పంపిస్తామంటే ఒప్పుకోకండి, జహీరాబాదు దాటాక సిగ్నల్ ఉంటుందో ఉండదో. రెండు వైపులా జిరాక్స్ తీయించండి. వెనక వైపు మరిచిపోవద్దు, అసలు సంగతులన్నీ అక్కడే అచ్చు వేస్తారు. జిరాక్స్ కొట్టువాడు పదిన్నరకు గానీ తెరవడు, టిఫిను తినే వెళ్లండి.