అత్తా నేనూ ఓడ సామాన్లు కొన్న రోజు

ఉదయం ఏడున్నరకు మా ఊరు హచ్చొళ్ళిలో సిరుగుప్ప బస్సు ఎక్కాం, మా అత్తా నేనూ. ఆరోజు మంగళవారం. శనివారం మేమిద్దరం ఓడ ప్రయాణానికి బయలుదేరాలి.

మా ఆయనది ఎరువుల అంగడి. ఆ ఏడు అమ్మకం బాగుందని కంపెనీవాళ్ళు ఇద్దరికి ఓడ టికెట్లు బహుమతిగా ఇచ్చారు. సింగపూర్‌లో ఎక్కితే పద్నాలుగు రోజులు నీళ్ళ మీదే. అంగడి వదిలి రాలేనని ఆయన, "మా అమ్మను తీసుకుపో" అన్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మా అత్త సుబ్బలక్ష్మి ఆ మాట విన్న రోజే, పాస్‌పోర్టు ఫొటోకు ఏ చీర కట్టాలని నన్నడిగింది.

అత్తవాళ్ళు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ళు. నేను బళ్ళారి పక్కన మోక ఊళ్ళో పుట్టినదాన్ని. నా మాట ఆమెకు మొరటు, ఆమె మాట నాకు సాగదీత. ఇరవై రెండేళ్ళుగా ఒకరినొకరు వెక్కిరించుకుంటూనే ఒక పొయ్యి మీద వండుకుంటున్నాం.

కంపెనీవాళ్ళు ఫోనుకు ఒక సామాన్ల పట్టీ పంపారు. సబ్బు, పేస్టు, తలనూనె అన్నీ వెంట తెచ్చుకోండి, ఓడలో అంగడి ఉన్నా ధరలు మండిపోతాయి అని. విమానంలో చేతిసంచిలో పెట్టుకునే నూనెలూ క్రీములూ వంద మిల్లీలీటర్లు దాటని సీసాల్లో ఉండాలట. ఎండకు పూసుకునే క్రీము, కడుపులో తిప్పితే వేసుకునే మాత్రలు కూడా రాశారు. బళ్ళారికి పోతే ఇవన్నీ ఒక పూటలో దొరుకుతాయి. మా కర్ణాటక ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు.

సిరుగుప్పలో ఎనిమిదిన్నరకు బళ్ళారి బస్సు దొరికింది. కిటికీ పక్కన చోటుంది. అత్త కూర్చోలేదు.

"ఏంది అత్తా, గంటన్నర నిలబడే వస్తావా?"

"కాళ్ళు పట్టేశాయే. కాసేపు నిలబడతాను."

తెక్కలకోటలో బస్సు ఆగీ ఆగకముందే ఆమె దిగి, బస్టాండు వెనక్కి గబగబా పోయింది. కండక్టరు విజిల్ వేయబోయాడు. "ఒక్క నిమిషం ఆపప్పా, పెద్దామె దిగింది" అని బతిమాలాను. "బేగ రమ్మనండమ్మా" అని విసుక్కున్నాడు. అత్త కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని, తల వంచుకుని ఎక్కింది. రెండు నెలలుగా ఓడలో ఏం తినాలో, ఏ చీరలు కట్టాలో ఊరంతా చెప్పుకున్న మనిషి, ప్రయాణం దగ్గరపడేకొద్దీ, పదిరోజుల నుంచి ఇట్లాగే ముడుచుకుపోయి ఉంది.

పదింబావుకు బళ్ళారిలో దిగి, అంగళ్ళుండే బెంగళూరు రోడ్డుకు నడిచాం. పెద్ద ఫ్యాన్సీ అంగడిలో చిన్న ఖాళీ సీసాలు, మూత ఉన్న సబ్బుపెట్టెలు, బ్రష్షు తొడుగులు వరసగా పెట్టున్నాయి. నేను ప్రతిదీ రెండేసి తీస్తుంటే అత్త ఒకటి వెనక్కి పెట్టేస్తోంది.

"ఒకటి చాలమ్మాయ్. నేను రావట్లేదు. మీ అక్కను తీసుకెళ్ళు."

"టికెట్‌లో పేరు నీదత్తా. మా అక్కను యాడ ఎక్కనిస్తారు?"

"అయితే నువ్వొక్కదానివే వెళ్ళు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాతో పద్నాలుగు రోజులు ఒకే గదిలో ఉండటం ఇష్టంలేకనే అనుకున్నాను. నేనెప్పుడు ఏం మాట తూలానా అని వెతుక్కున్నాను. సీసాలు అక్కడే పెట్టేసి, "పద, ఏమన్నా తిందాం" అని బయటికి తీసుకొచ్చాను.

పదకొండుకు పక్కవీధి హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ చెప్పాను. ప్లేట్లు వచ్చినా అత్త చేయి పెట్టలేదు.

"నా మీద కోపమా అత్తా?"

"నీ మీద కోపమెందుకే పిచ్చిదానా." పక్క బల్లలు ఖాళీగా ఉన్నాయో లేదో చూసి, గొంతు తగ్గించింది. "మూత్రం ఆగట్లేదమ్మాయ్. దగ్గినా అంతే, తుమ్మినా అంతే. మూడేళ్ళయింది. ఇంట్లోనైతే పాత చీరలు చింపి పెట్టుకుని, ఉతికి కొట్టం వెనక ఆరేసుకుంటున్నాను. ఓడలో ఎక్కడ ఆరేసుకోను? తెల్లదుప్పట్లంట. పాడైతే ఎవరికి చెప్పుకోను?"

అందుకే అత్త పెళ్ళిళ్ళకు రావడం మానేసింది. తన బట్టలు నన్ను ముట్టనివ్వదు. వయసుతో వచ్చిన మొండితనం అనుకుని నేను నవ్వుకున్నాను. ఒకే ఇంట్లో ఉండి మూడేళ్ళు చూసుకోలేదు.

"రెండో కాన్పు తర్వాత నాకూ తుమ్మితే అయ్యేదత్తా. ఇప్పటికీ ఎప్పుడన్నా అవుతాది."

"నీకా?"

"ఊఁ. నీ కొడుక్కు కూడా తెలీదు."

ఆమె నన్నట్లాగే చూసి, ఫక్కున నవ్వింది. వెంటనే మోకాళ్ళు దగ్గరికి నొక్కుకుని, "నవ్వించకే" అంది. దాంతో ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

పన్నెండుకు ఒక మందుల అంగడికి పోయాం. కౌంటరు దగ్గర ఇద్దరు మగవాళ్ళు పోయేదాకా పక్కన నిలబడ్డాం. లోపల యాభై ఏళ్ళామె, మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. పెద్దవాళ్ళ ప్యాడ్లు కావాలన్నాను.

"యారిగె? ఎవరికి, ఈ అమ్మకేనా?" అంటూ టేపు తీసుకుని అత్తను తెర వెనక్కి పిలిచి, చీర మీదే నడుం కొలిచింది. "దినానికి ఎన్నిసార్లు మార్చుకుంటాండావమ్మా?"

"పగలు నాలుగు, రాత్రి ఒకటి" అంది అత్త, పాఠం అప్పజెప్పినట్టు.

ఆమె పగటికి పలచటివి, రాత్రికి చెడ్డీ మాదిరివి వేరువేరుగా తీసింది. "మాటిమాటికీ సబ్బు పెట్టి రుద్దొద్దు, ఒళ్ళు మండుతాది. ఈ క్రీము పూసుకో. వాడినవి కవర్లో చుట్టి చెత్తడబ్బాలో వేయల్ల, కమోడ్‌లో వేయొద్దు. ఇంత దినం డాక్టరుకు చూపించలేదా? దీనికి కసరత్తులుండాయి, మందులుండాయి. సిగ్గుపడి ఇంట్లో కూర్చోవాల్సిన పనేముండాది?"

ఆమె చెప్పిన డాక్టరమ్మ రెండు గంటలకు అత్తను చూసింది. పరీక్ష చేసి, కండరాలు బిగించి వదిలే కసరత్తు నేర్పింది. ఓడ ఎక్కొచ్చా అని అత్త అడిగితే, "పోయి రండి, వచ్చినాక నాకు కనపడండి" అంది.

మూడుంబావుకు మళ్ళీ ఆ ఫ్యాన్సీ అంగడిలో ఉన్నాం. ఈసారి అత్తే ముందు నడిచి, "గంధం సబ్బు నాకు, నిమ్మకాయ వాసనది నీకు" అని రెండేసి తీసింది. ఓడకు పోయేవాళ్ళకు ఒక మాట. ప్యాడ్లు బరువుండవుగానీ చోటు తింటాయి. ప్యాకెట్ల గాలి నొక్కి చీరల మధ్య సర్దుకోండి. పెట్టె వెనకబడినా ఇబ్బంది లేకుండా ఒక రోజుకు సరిపడా చేతిసంచిలో ఉంచుకోండి.

నాలుగున్నర బస్సులో మా పక్కన గాజుల బుట్టతో ఒకామె కూర్చుంది, పేరు హుసేన్‌బీ అని చెప్పింది. మా సంచిలోంచి ప్యాకెట్ తొంగిచూస్తుంటే, "చిన్నపాపకా అమ్మా?" అంది.

నేను సంచి మూయబోయాను. అత్త నా చేయి పట్టుకుంది.

"పాపకు కాదమ్మా, నాకు" అంది.

హుసేన్‌బీ అత్త వైపు వంగి, "ఇవి యాడ దొరుకుతాయక్కా?" అని అడిగింది. ఎవరికని అత్త అడగలేదు. అంగడి ఎక్కడో, నడుం ఎట్లా కొలుస్తారో, డాక్టరమ్మ ఏం చెప్పిందో, పదేళ్ళ పరిచయం ఉన్నట్టు పూసగుచ్చి చెప్పింది. ఒక ప్యాకెట్ చింపి ఐదు తీసి పేపర్లో చుట్టి ఇచ్చింది. వద్దన్నా వినకుండా హుసేన్‌బీ నా చేతికి అరడజను పచ్చగాజులు తొడిగి తెక్కలకోటలో దిగింది.

"పాపం, బుట్ట నెత్తిన పెట్టుకుని రోజంతా తిరగాలి" అంది అత్త. ఆ తర్వాత ఓడలో ఎన్ని అంతస్తులుంటాయి, మన గది ఎన్నోది, పొద్దున్నే పైకెక్కి సూర్యుణ్ణి చూడనిస్తారా అని సిరుగుప్ప దాకా అడుగుతూనే ఉంది. మేమిద్దరమే కలిసి ఊరు దాటడం అదే మొదటిసారని నాకప్పుడు తట్టింది. ఓడ కంటే ముందు ఆ బస్సెక్కడం మంచిదైంది.