ఆ ఉత్తర్వులో నా వాక్యం

మా మున్సిపల్ కార్పొరేషన్ ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం ఉత్తర్వులో ఒక వాక్యం నాది. కింద నా సంతకం లేదు, ఎక్కడా నా పేరు లేదు. అయినా అది నాదే. పెళ్ళైన ఆడ ఉద్యోగి ఆ పథకంలో ఎవరి పేర్లు రాయించుకోవచ్చో చెప్పే వాక్యం అది. దానికోసం ఎంతమందితో తగాదా పడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ నా నడకలో తేడా వస్తుంది. గొప్పలు చెప్పుకుంటోంది అనుకునేవాళ్ళు అనుకోండి. గొప్ప పనే చేశాను మరి.

అప్పట్లో నేను ఎల్.బి.నగర్ సర్కిల్ ఆఫీసులో, ఇంటిపన్ను సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంట్‌ని. తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. పొద్దున గేటు దగ్గర నినాదాలు, ఆ తర్వాత నల్లబ్యాడ్జీతో పని, ఒక్కోరోజు కలాలు దించేసి పెన్‌డౌన్. రాష్ట్రం కోసం కొట్లాడుతూనే మా యూనియన్ ఇంకోవైపు ఆరోగ్య పథకం మార్చమని కార్పొరేషన్‌తో చర్చలు జరుపుతుండేది. పాత పద్ధతిలో ఎవరికి జబ్బు చేసినా ముందు సొంత డబ్బు పెట్టి వైద్యం చేయించుకుని, తర్వాత బిల్లులు పెట్టుకోవాలి. రిటైరైన పెద్దవాళ్ళు ఆ కాగితాలు పట్టుకుని మా ఆఫీసు మెట్లెక్కలేక ఎక్కడం రోజూ చూసేదాన్ని. కొత్త పద్ధతిలో నెలనెలా జీతంలోంచో పెన్షన్‌లోంచో కొంత కోసుకుని ఒక కార్డు ఇస్తారు. అది చూపిస్తే దవాఖానలో డబ్బు అడగరు. అందరికీ నచ్చింది. ముసాయిదా చదివేదాకా నాకూ నచ్చింది.

మాది చంపాపేట్‌లో కిరాయి ఇల్లు. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవాడు. అలాంటి చోట జీతమే టైముకి రాదు, వైద్యం ఖర్చు ఎవరిస్తారు? మామయ్య లేరు, అత్తమ్మ మాతోనే ఉండేది. నాన్న పోయాక మా అమ్మ కూడా మా దగ్గరికే వచ్చింది. నేను ఒక్కతే కూతురిని మరి. ఒక వంటింట్లో ఇద్దరు వియ్యపురాళ్ళంటే విన్నవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. పప్పులో చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర తప్ప వాళ్ళకు పేచీలు లేవు.

అమ్మ గుండెలో ఒక కవాటం సన్నబడిందని మలక్‌పేటలో డాక్టరు చెప్పాడు. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు, కానీ ఆపరేషన్ తప్పదు, ఎక్కువ ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అన్నాడు. ఇంటికొచ్చాక మా ఆయన ఊళ్ళో తన వంతు పొలం అమ్మేద్దామన్నాడు. అమ్మ ఆ మాట పూర్తి కానివ్వలేదు.

"అల్లుని పొలం అమ్మి నేను బతకాల్నా? నాకొద్దు. బిడ్డ ఇంట్ల తింటున్ననంటేనే ముద్ద దిగుతలేదు నాకు. గోలీలు మింగుకుంట ఉన్నన్ని దినాలుంట."

అది ఉత్త మాట కాదు. తిన్నదానికి చాకిరీ చెయ్యాలని పొద్దున లేస్తే బియ్యం ఏరేది, కూర తరిగేది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషి తడిబట్టలు మేడమీదికి మోసేది. వద్దని నేను అరిస్తే నామీదే అరిచేది. నా నోరు ఎక్కడినుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ కార్డు మీద అంత ఆశ పెట్టుకున్నాను. నా జీతంలోంచి కోసిన డబ్బుతో హక్కుగా వచ్చే వైద్యం కాబట్టి దాన్ని మాత్రం అమ్మ కాదనలేదు అనుకున్నాను.

ముసాయిదా మా సెక్షన్‌కి వచ్చింది. ఆధారపడినవారు ఎవరన్న చోట మగ ఉద్యోగికి అతని తల్లిదండ్రులు అని ఉంది. పెళ్ళైన ఆడ ఉద్యోగికి భర్త తల్లిదండ్రులు అని ఉంది. అంతే. ఆడదాని మెళ్ళో తాళి పడగానే ఆమెను కన్నవాళ్ళు గాలిలో కలిసిపోతారు కాబోలు. రాసినవాళ్ళకు అది అన్యాయమని తట్టనైనా తట్టలేదు, అదే నాకు ఎక్కువ మండింది.

కాగితం పట్టుకుని మా యూనియన్ అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను. చెడ్డవాడేం కాదు. ఉద్యమంలో లాఠీదెబ్బలు తిన్న మనిషి.

"చెల్లె, గది చిన్న ముచ్చట. ముందుగాల స్కీము రానియ్యి. రిటైరైనోళ్ల సంగతి తేలాలె, మందుల సంగతి తేలాలె. గిది తర్వాత చూద్దాం."

"అన్నా, మీ అమ్మ పేరు కొట్టేసి తర్వాత చూద్దామంటే నువ్వు ఊకుంటవా?"

ఆయన నవ్వి, మోగని ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

నాకు ఫైలు నడపడం నేర్పిన సూపరింటెండెంట్ ఒకావిడ ఉండేది. గుంటూరు వైపునుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, అప్పటికే రిటైరైంది. మేము మేడమ్ అనే పిలిచేవాళ్ళం. చర్చల్లో పెన్షనర్ల తరఫున కూర్చునేది ఆవిడే. ఉద్యమం వేడెక్కాక మావాళ్ళు కొందరు ఆవిడ కనపడితే మొహం తిప్పుకునేవాళ్ళు. నేనూ బ్యాడ్జీ పెట్టుకున్నదాన్నే. ఆ సాయంత్రం ఆవిడ ఇంటి గేటు దగ్గర ఆగి, బ్యాడ్జీ తియ్యనా వద్దా అని ఆలోచించి, తియ్యకుండానే లోపలికి వెళ్ళాను.

ఆవిడ బ్యాడ్జీ వైపు చూసింది. "రాష్ట్రం సంగతి మీరు రోడ్డుమీద తేల్చుకోండి. ఆ కాగితం ఏంటో ఇలా ఇవ్వు" అంది.

చదివి, కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మా కాలంలో మేమే అడగాల్సిన మాట ఇది. సరే. నువ్వు కార్పొరేషన్ వాళ్ళను ఎలా ఒప్పించాలా అని ఆలోచిస్తున్నావు కదూ? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీ అధ్యక్షుడు సంతకం పెట్టనని భీష్మించుకుంటేనే ఇది కదులుతుంది. నేనూ పెట్టను. కానీ నా ఒక్కదాని మాట ఈ రోజుల్లో ఎవరు వింటారమ్మా?"

"ఆయన నా మాట ఇంటలేడు మేడమ్."

"ఎల్లుండి మీ వంటావార్పు అటగా, ఎల్.బి.నగర్ చౌరస్తాలో?"

"అవును."

"వంట ఎవరిది?"

"మాదే. ఆడోళ్లదే."

ఆవిడ కప్పు నావైపు జరిపింది. కాఫీ చల్లారిపోతోంది తాగమంది.

వంటావార్పు అంటే ఆ రోజుల్లో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, రాకపోకలు ఆపెయ్యడం. విజయవాడ వెళ్ళే బస్సులన్నీ వరసగా నిలబడిపోయేవి. ఆ రోజు మూడు రాళ్ళ పొయ్యిలమీద అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు చేశాం. ఎండ ఒకవైపు, పొగ ఒకవైపు. వంట చేస్తూనే మా సర్కిల్ ఆడవాళ్ళందరికీ ఆ ముసాయిదా సంగతి చెప్పాను. ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో అమ్మ ఉంది, ఒక్కో నాన్న ఉన్నాడు. పొయ్యి ఊదుతున్నావిడ గొట్టం పక్కన పెట్టి, "మా నాయినకు కండ్లు కనిపిస్తలేవు. నేను తప్ప దిక్కు లేదు. నువ్వేం చెయ్యమంటే అది చేస్త అక్కా" అంది.

మధ్యాహ్నం నాయకులంతా వచ్చి తారురోడ్డు మీద బంతిలో కూర్చున్నారు. టీవీవాళ్ళు కెమెరాలు ఎక్కుపెట్టారు. విస్తళ్ళు వేశాం, నీళ్ళు పోశాం. అన్నం గంపలు తెచ్చి ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అధ్యక్షుడు కాసేపు చూశాడు. "వడ్డించుండ్రి చెల్లె" అన్నాడు.

"అన్నా, పెన్‌డౌన్ మాకు నేర్పింది మీరే. ఇయ్యాల మేం గంటె దించినం" అన్నాను. అక్కడితో ఆగలేదు. "మా అమ్మనాయిన్ల పేరు రాసుకునే హక్కు వచ్చేదాంక ఆ పథకం మీద సంతకం పెట్టనని మాటియ్యి. చర్చలకు నన్ను గూడ తీస్కపో. అన్నం ఉడుకుడుకుగుంది, పెడ్తం."

బంతిలో కొందరు నవ్వారు. ఒకాయన గొణిగాడు. మావాళ్ళలో ఒక్కరు కూడా గంటె ముట్టుకోలేదు. అధ్యక్షుడు నా మొహం చూశాడు, కెమెరాల వంక చూశాడు, పచ్చిపులుసు గిన్నె వంక కూడా చూశాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మేము అడిగినా పెట్టలేదు.

"సరే. నీ ముచ్చట తేలనిది సంతకం పెట్ట. మాట" అన్నాడు చివరికి. ఆయన విస్తట్లో మొదటి గంటె నేనే వడ్డించాను. అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా, అది చెప్పకపోతే నాది తప్పవుతుంది.

చర్చల గదిలో అవతలివైపు కార్పొరేషన్ లెక్కల అధికారి కూర్చున్నాడు. మర్యాదస్తుడే. మిగతా అంశాలన్నీ అయ్యాక నా మాట వచ్చింది. భార్యాభర్తలిద్దరి తల్లిదండ్రులనూ చేరిస్తే పథకం మీద భారం పడుతుందన్నాడు.

"సార్, మగ ఉద్యోగి జీతంల ఎంత కోస్తరో నా జీతంల గూడ అంతే కోస్తరా, తక్కువ కోస్తరా?" అని అడిగాను.

"అంతే."

"పైసలు సమానంగ తీస్కొని, అతనికేమో కన్నతల్లి, నాకేమో కట్టుకున్నోని తల్లి. ఇది ఎక్కడి లెక్క సార్?"

ఆయన పరిశీలిస్తామని, ముందు మిగతావాటి మీద సంతకాలు కానిమ్మని అన్నాడు. మేడమ్ తన కలానికి మూత పెట్టేసింది. అది చూసి మా అధ్యక్షుడూ తన పెన్నును జేబులో పెట్టుకున్నాడు. ఉద్యమం మొదలయ్యాక ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

అధికారి బయటికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. "రెండు వైపులా కుదరదు. తల్లిదండ్రులో, అత్తమామలో, ఒకవైపే. ఆ ఎంపిక ఆడ ఉద్యోగిదే. ఒకసారి రాశాక మార్చడానికి లేదు" అన్నాడు.

గదిలో అందరూ నావైపు తిరిగారు. అత్తమ్మ గుర్తొచ్చింది. ఆమెకు షుగరు ఉంది, మోకాళ్ళు ఉబ్బి ఉన్నాయి, ఆమె పేరు రాయడానికి మా ఆయన ఉద్యోగంలో ఏ కార్డూ లేదు. అయినా కాదంటే ఏ ఆడ ఉద్యోగికీ ఏమీ దక్కదు. ఒప్పుకున్నాను. సంతకాలయ్యాయి. మెట్లు దిగుతుంటే మేడమ్ నా భుజం తట్టి, "ఫైలు మీద నోటింగ్ బాగా రాస్తావని తెలుసు. ఇంత బాగా మాట్లాడతావని తెలీదు" అంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని గర్వంతో ఏడ్చాను, ఇంట్లో ఏం చెప్పాలో తెలియక కూడా ఏడ్చాను.

రచ్చ గెలిచాను, ఇక ఇల్లు మిగిలింది. ఉత్తర్వు వచ్చి ఫారాలు పంచినరోజు సాయంత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకవైపు పేరే రాయాలి, రాశాక మార్చలేము అని. మా ఆయన తల్లి వంక చూడలేక కిటికీ లోంచి వీధిలోకి చూస్తున్నాడు.

అమ్మే ముందు మాట్లాడింది. "ఒదినె పేరు రాయి. ఈ ఇల్లు ఆమెది. ఆమె నోటికాడిది గుంజుకొని నేను బతకాల్నా? పొలం వద్దన్న, ఇదీ వద్దు."

అంత కొట్లాటా కొట్లాడి తెచ్చింది ఈ మొండిమనిషి ఒక్క మాటతో తోసేస్తోంది. అరుద్దామని నోరు తెరిచాను. అత్తమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఒదినె, నాకు షుగరున్నది. షుగరుతోని ఊరంత బతుకుతున్నది. నీ గుండె ఆగుతదంటున్నరు. ఏది ముందు?" అంది. అమ్మ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అత్తమ్మ ఆమె దగ్గరికి జరిగి కూర్చుంది. "మా అమ్మ పక్షవాతంతోని మంచాన పడ్డప్పుడు అత్తగారింట్లకెల్లి ఒక గిలాసెడు పాలు పంపనీకి నాకు అడగ చేతకాలె. అడగొచ్చని గూడ తెల్వకపాయె. నీ బిడ్డకు తెలిసింది. నడిరోడ్డు మీద, నాయకుల ముంగట, ఆఫీసర్ల ముంగట అడిగి తెచ్చింది. నువ్వు ఒద్దంటే దాని నోరు మూసినట్టే. నా సంగతి నా కొడుకు చూస్తడు. చూడకుంటే నీ బిడ్డనే గంటె దించుతది."

మా ఆయన గబగబా తలూపాడు. అమ్మ అత్తమ్మ చెయ్యి పట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది.

"ఆఫీసర్లతోని కొట్లాడినవా?"

"ముందుగాల మా యూనియనోళ్లతోని. ఆ తర్వాత ఆఫీసర్లతోని."

"పైసలు ఎవరి జీతంలకెల్లి కోస్తరు?"

"నా జీతంలకెల్లి."

"అల్లునిది కాదు?"

"కాదు. నాదే."

"నా ఒక్కదానికేనా ఇది?"

"కాదమ్మా. నౌకరి చేసే ఆడోళ్లందరి తల్లులకు."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఫారం మీద నా పెన్ను కదిలేదాకా చూస్తూ ఉంది.

"రాయి" అంది. "రాసి, గా డాక్టరుకు ఫోన్ చెయ్యి. వస్తున్ననని చెప్పు."