నేను కొన్న టేపు మిషను, సాయిబు గొంతు

నాకప్పటికి ముప్పై దాటలేదు. తోటపల్లి గూడూరు పక్కన ఒక ఊళ్లో హైస్కూలు అయ్యవారిని. నాటకాల పిచ్చి ఒకటి ఉండేది. రేడియోలో నాటకం విన్నప్పుడల్లా అంతకంటే బాగా నేను చేయగలనని అనుకునేవాణ్ణి. ఊరికి కరెంటు వచ్చిన మూడో ఏడు, ఇంట్లోనే ఒక రికార్డింగు గది పెట్టాలని పట్టుబట్టాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మా ఆవిడ అననే అంది. అయినా వడ్లు పోసుకునే గది ఖాళీ చేయించాను. మూటలు వంటింటి పక్కకు చేరాయి, వాటి వెంటే ఎలుకలూ చేరాయి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏది కొరికినా పాపం నాదే అయింది.

మిషను ఎంచడానికి మా బావమరిదిని తోడు తీసుకుపోయాను. ఆయన కావలిలో రేడియోలు బాగుచేసేవాడు. ఇద్దరం రైలెక్కి మద్రాసు వెళ్లి, పాత సామాన్లమ్మే ఒక అంగట్లో దూరాం. కొత్త టేపు రికార్డరు నా తాహతుకు ఎటూ అందదు. అందేవి రెండే ఉన్నాయి. ఒకటి నల్లగా, గీతలు పడి, ఇద్దరు మోయాల్సినంత బరువుగా ఉంది. దానికిచ్చే మైకు తాటిముంజంత. రెండోది దంతం రంగుది. మనం మాట్లాడితే ముందు పచ్చదీపం ఒకటి రెప్పలాడిస్తుంది. దానికి నిలువెత్తు స్టాండూ, వెండిలా మెరిసే మైకూ ఉన్నాయి.

మా బావమరిది రెండింటి వెనక చెక్కలూ విప్పి, వేలితో తిప్పి చూశాడు.

"బావా, ఈ తెల్లదాని మోటారు నాసిరకం. కరెంటు తగ్గితే నిదానంగా తిరుగుతాది, పెరిగితే ఉరుకుతాది. మీ ఊర్లో పొలాల్లో మోటార్లేస్తే బల్బు ఎర్రగా మూలగతా ఉంటాది గదా. ఆ బరువుదే తీసుకో."

"మైకు చూడవయ్యా, ఎట్టుండాదో!"

"రికార్డయ్యేది గొంతు బావా, మైకు అందం గాదు."

అంత తేటగా చెప్పాడు. నేను తెల్లదే కొన్నాను. ఆ మైకు ముందు నిలబడి నాటకం చెబుతున్న నేనే నాకు కనిపించాను, ఇంకేం కనిపిస్తుంది! రైల్లో ఆయన "పైన పటారం, లోన లొటారం" అని ఒక్కసారి గొణిగి, నెల్లూరు దాకా నిద్రపోయాడు.

గదిలో మాట్లాడితే గోడలు తిరిగి మాట్లాడుతున్నాయి. గోడలకు మందపాటి బొంతలు వేలాడదీస్తే ఆ మోత చస్తుందని మా బావమరిదే చెప్పిపోయాడు. అందుకని పరుపులు కుట్టే సాయిబును పిలిపించాను. ఆయనకు యాభై ఉంటాయి. మా ఇంటి పాత పరుపుల్లోని దూదంతా వసారాలో పోసుకుని, విల్లుతో ఏకుతూ, ఆ నారి మోతకు సరిగ్గా తత్వాలు పాడేవాడు. నిండు కడవలో నీళ్లు కదిలినట్టుండేది ఆ గొంతు. ఊళ్లో ఎవరు పోయినా, హిందువులైనా ముసల్మానులైనా, శవం లేచేదాకా తత్వాలు పాడటానికి ఆయనకే కబురు వెళ్లేది. కుట్టినదానికి కూలి పుచ్చుకునేవాడు గానీ పాడినదానికి ఏనాడూ పుచ్చుకోలేదు. అదే ఆయన గొప్ప.

రెండోరోజు నేను బడికి సెలవు పెట్టాను. పొద్దున బొంతలు కట్టడం అయ్యాక, ఒక పాట పాడమని నేనే అడిగాను. "ఈ గదిలో మొదటి పాట నీదే కావాలి సాయిబన్నా" అన్నాను. ఆయన పొంగిపోయాడు. మైకును కిందినుంచి పైదాకా చూసి, "ఈ ఇనప తలకాయకు నా పాట ఇనపడతాదా అయ్యోరా?" అని నవ్వాడు. విల్లు దగ్గరుంటే తప్ప పాట రాదన్నాడు. దూది పీచు మిషన్లో పడుతుందని నేను ఒప్పుకోలేదు. పాపం, తొడమీద తట్టుకుంటూ పాడాడు. అది నాట్ల కాలం. చుట్టూ పొలాల్లో మోటార్లన్నీ ఆడుతున్నాయి. గదిలో బల్బు ఎర్రగా, ఉందా లేదా అన్నట్టుంది. అది చూస్తూ కూడా నాకు మా బావమరిది మాట గుర్తుకు రాలేదు.

పాడింది వెంటనే వినిపిస్తానంటే ఆయనే వద్దన్నాడు. "పొద్దుమునిగేలోపు వస్తా. నలుగురితో కూర్చుని ఇంటా. నా గొంతు నేను ఇన్నిందెప్పుడు?"

మధ్యాహ్నం పెద్ద వాన పట్టింది. మోటార్లు ఆపేసి పొలాల్లోని రైతులు మా వసారాలోకి ఉరికారు. బడినుంచి వస్తూ నాతోటి అయ్యవార్లు ఇద్దరు చేరారు. అంతమందిని చూసేసరికి నాకు పూనకం వచ్చింది. రేడియో వాళ్ల మిషనుకు ఇది ఏమాత్రం తీసిపోదని కోతలు కోశాను. సాయిబు ఉతికిన చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని, వానలో తడుస్తూ వచ్చాడు. ఆయనకు ముందు చోటిచ్చారు.

మిషను వసారాలోకి తెచ్చి పెట్టి మీట నొక్కాను. వసారాలో బల్బు తెల్లగా, కళ్లు చెదిరేట్టు వెలుగుతోంది. మిషనులోంచి కోడిపిల్ల గొంతు ఒకటి గబగబా కిచకిచమంటూ తత్వం పాడింది.

వసారా అంతా నవ్వింది. ఒకాయన కండువా నోట్లో కుక్కుకున్నాడు. నేనూ నవ్వాను. నాకు బల్బు చూడగానే సంగతి తెలిసిపోయింది. పొలాల్లో మోటార్లు ఆడుతూ కరెంటు తక్కువున్నప్పుడు ఎక్కించిన పాటను, అవి ఆగాక నిండు కరెంటులో తిప్పుతున్నాను. తెలిసి కూడా ఆపలేదు, నవ్వాను.

గడప దగ్గరనుంచి మా ఆవిడ, "పొద్దున నేనిన్నా గదా, ఆయన గొంతు ఇట్టా లేదే" అంది.

"మిషన్ల సంగతి నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను.

సాయిబు నవ్వలేదు. ఆయన నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు. "నా గొంతు ఇట్టా ఉంటాదా అయ్యోరా?"

కోతలు కోసి పావుగంట కాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. "మన గొంతు మనకు తెలియదు సాయిబన్నా. మిషను అబద్ధం చెప్పదు" అన్నాను.

చదువు చెప్పేవాడి మాట కదా, నమ్మాడు. వాన తగ్గకుండానే లేచిపోయాడు.

మర్నాడు మోటార్లు ఆడుతుండగా ఆయన్ను పిలిచి అదే టేపు వేస్తే అసలు గొంతు పలికేది. ఒక్క కబురు చాలు, పంపలేదు. పైగా ఆ టేపు ఇంట్లో ఉంటే కంట్లో నలుసులా ఉందని, దానిమీదే నా నాటకం ఎక్కించేశాను. ఊళ్లో ఆయనకు కోడిపిల్ల సాయిబని పేరు పడింది. రెండు నెలలకు పెద్దకాపు గారి తల్లి పోయింది. ఎప్పటిలాగే కబురు పంపారు. ఆయన వచ్చి, శవానికి దండం పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాడమని ఇద్దరు ముగ్గురు అడిగితే తల అడ్డంగా ఊపాడు. శవం పాట లేకుండానే లేచింది. ఆ గుంపులో నేనూ ఉన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా నలుగురితో పాటు పాడె వెంట నడిచాను.

చెప్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒకరోజు బడి విడిచాక ఆయన ఇంటికి వెళ్లాను. దూది ఏకుతున్నాడు. విల్లు మోతే ఉంది, పాట లేదు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని మరీ చెప్పాను. కరెంటు సంగతి, మోటారు సంగతి, మా బావమరిది ముందే చెప్పిన సంగతి, ఆ రోజే నాకు తెలుసన్న సంగతి, అన్నీ.

ఆయన విల్లు పక్కన పెట్టాడు. "అయితే ఆ పాట ఇంకా ఉండాదా? ఒకసారి సరిగ్గా ఇనిపిస్తారా?"

"లేదన్నా. చెరిపేసినా."

దూది పొట్టు చేత్తో దగ్గరికి లాక్కున్నాడు. కోప్పడతాడేమోనని చూశాను. కోప్పడలేదు.

"ఆ దినం నవ్వినోళ్లకు చెప్పినారా అయ్యోరా?"

లేదని తల అడ్డంగా ఊపాను.

"నాకెందుకు చెప్తారు? నవ్వింది నేను గాదు గదా" అని మళ్లీ విల్లు అందుకున్నాడు.

ఆ ఊళ్లో ఇంకా నాలుగేళ్లు పనిచేశాను. ఆ వసారాలో కూర్చున్న వాళ్లు రోజూ ఎదురుపడి నమస్కారం పెట్టేవాళ్లు. వాళ్లలో ఒక్కరికీ చెప్పలేదు.